బాక్సుకి కాపలా ఉంది, చెవికేదీ?

కిందటి వేసవిలో ఒక రాత్రి ఒంటిగంటన్నరకి మా అబ్బాయి ఇంటికొచ్చాడు. డిగ్రీ రెండో ఏడు పరీక్షలయ్యాయి, సెలవులు. వాళ్ళ బాబాయికి, అంటే మా మరిదికి, సౌండ్ సిస్టమ్ అద్దెకిచ్చే వ్యాపారం ఉంది. సెలవుల్లో వైర్లు లాగడానికీ బాక్సులు దించడానికీ వీడు వెళ్తుంటాడు. పెరుగన్నం కలిపి కంచం ముందు పెట్టి "పెళ్ళి బాగా జరిగిందా?" అన్నాను. పలకలేదు. "ఆవకాయ వెయ్యనా?" అన్నాను. పలకలేదు. అలిగాడేమో అనుకున్నాను. కాసేపాగి వాడే తలెత్తి, "అమ్మా, ఆ కుక్కర్ కట్టెయ్యవే, విజిల్ ఆగకుండా వస్తోంది" అన్నాడు.

పొయ్యి మీద కుక్కర్ లేదు. ఒంటిగంటన్నర రాత్రి ఏ తల్లి కుక్కర్ పెడుతుంది?

తెల్లారగానే మరిదికి ఫోన్ చేశాను. "ఊరేగింపులో బాక్సుల పక్కనే నడిచాడు వదినా, అందుకే ఆ కూత. రెండ్రోజుల్లో సర్దుకుంటుంది. అయినా మన యాంప్లిఫయర్లన్నిటికీ లోపలే లిమిటర్ ఉంటుంది, హద్దు దాటనివ్వదు. మీరేం కంగారుపడకండి" అన్నాడు.

హద్దు దాటనివ్వదు! ఎంత చల్లటి మాట. నేను చదివింది బీఏ తెలుగు. మంచి మాట చెవిన పడితే నమ్మేయడం నాకు అలవాటు. నమ్మేశాను. మూడో రోజుకి కూత తగ్గింది కూడా. ఆ నెలలోనే వాడు ఇంకో నాలుగు పెళ్ళిళ్ళకి వెళ్ళాడు. ఐదోసారి కూత వారం దాటినా పోలేదు. అప్పుడు చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. గాజు గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేసి, ఆయనొక కాగితం మీద గీత చూపించారు. ఎడమ చెవి గీత నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర చిన్న గోతిలో పడి లేచింది. పెద్ద శబ్దాల దెబ్బ మొదట కనబడేది సాధారణంగా అక్కడేనట. "ఈ పోయింది తిరిగి రాదమ్మా. ఇంకా పోకుండా చూసుకోవాలి" అన్నారు. నా కొడుకు వయసు ఇరవై.

ఆ సాయంత్రం నేరుగా మరిది షాపుకి వెళ్ళాను. స్టూలు లాక్కుని కూర్చుని ఒకే ఒక్క ప్రశ్న అడిగాను. "హద్దు దాటనివ్వదన్నావే, ఆ హద్దు ఎవరికి?"

అతను మంచివాడు. వ్యాపారం తెలిసినవాడు. దాచకుండా చెప్పాడు. ఆ రోజు రెండు గంటలు, తర్వాత ఇంకో మూడు సాయంత్రాలు, ఒక యాంప్లిఫయర్ మూత విప్పి మరీ చెప్పాడు. నాకర్థమైనది మన భాషలో మీకు చెప్తాను. ఇది మనకెందుకులే, మగపిల్లల యవ్వారం అనుకోకండి. పెళ్ళి మనింట్లోది, పసిపిల్ల మన ఒళ్ళోది, అడ్వాన్సు ఇచ్చేది మన బీరువాలోంచి.

యాంప్లిఫయర్ చేసే పని ఒక్కటే. మిక్సర్ నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని బాక్సులు పలికేంత పెద్దది చేసి పంపడం. అయితే దానికీ ఒక తాహతు ఉంటుంది. లోపలున్న కరెంటు సరఫరా ఎన్ని ఓల్టులు ఇవ్వగలదో అంతకు మించి అది ఎంత కొట్టుకున్నా అల ఎత్తు పెరగదు. అంతకన్నా పెద్ద అల అడిగితే పైభాగం తెగిపోతుంది. సోలతో బియ్యం కొలిచి, పైన పోగు నిలిస్తే చేత్తో గీసేస్తాం చూడండి, అచ్చం అలాగే. గుండ్రటి అల నెత్తి చదునైపోతుంది. దీన్నే వాళ్ళు క్లిప్పింగ్ అంటారు. యాంప్లిఫయర్ ముందు ఎర్ర లైటు వెలిగేది అప్పుడే.

నెత్తి తెగితే మనకేం అనకండి. అలా తెగిన అలలో రెండు ప్రమాదాలున్నాయి. ఒకటి వేడి. స్పీకర్ లోపల సన్నటి తీగ చుట్ట ఉంటుంది. కాయిల్ అంటారు. అదే ఎత్తున్న నున్నటి అల ఎంత వేడి పుట్టిస్తుందో, పూర్తిగా నలుచదరంగా తెగిన అల అంతకు రెండింతలు పుట్టిస్తుంది. కాయిల్ మాడిపోతుంది. రెండోది, తెగిన అంచుల వల్ల పాటలో లేని కీచు శబ్దాలు కొత్తగా పుడతాయి. అవన్నీ పైనున్న చిన్న ట్వీటర్ల మీద పడతాయి. అవి నాజూకువి, ముందు అవే చచ్చిపోతాయి.

అందుకని తయారుచేసేవాళ్ళు లోపల ఒక కాపలావాణ్ణి పెట్టారు. వాడే లిమిటర్. లోపలికి వచ్చిన సిగ్నల్‌నీ బయటికి వెళ్ళిన సిగ్నల్‌నీ వాడు పక్కపక్కన పెట్టి చూస్తూ ఉంటాడు. రెండూ ఒకే పోలికలో ఉన్నంతసేపు ఊరుకుంటాడు. బయటిది నెత్తి తెగి కనబడిందా, వెంటనే లోపలికి వచ్చేదాన్ని తగ్గిస్తాడు. మనం మిక్సర్ మీద చెయ్యి తియ్యకపోయినా, వాడు లోపల నుంచి ఇంకో చెయ్యి వేసి తగ్గిస్తాడన్నమాట. గండం గడిచాక మెల్లిగా చెయ్యి తీస్తాడు. చెయ్యి వెయ్యడానికి పట్టే సమయం చాలా చిన్నది, సెకనులో వెయ్యో వంతుల లెక్క. తియ్యడానికి అంతకన్నా ఎక్కువ పడుతుంది. మరీ త్వరగా తీసేస్తే పాట ఆయాసపడుతున్నట్టు పైకీ కిందకీ ఊగుతుందట.

ఈ కాపలావాళ్ళలో రకాలున్నాయి. అల నెత్తిని మాత్రమే చూసేవాడు ఒకడు. కాసేపటి సగటు తీసి, కాయిల్ ఎంత వేడెక్కిందో అంచనా వేసి, నిదానంగా తగ్గించేవాడు ఇంకొకడు. ఈమధ్య వచ్చే ఖరీదైన యాంప్లిఫయర్లలో చిన్న కంప్యూటర్ లాంటిది ఉంటుంది. బాక్సు చేసినవాళ్ళు ఇచ్చిన అంకెలు అందులో పెడితే, ఇద్దరు కాపలావాళ్ళూ ఆ బాక్సుకి సరిపడా పనిచేస్తారు. పాతవాటిలోనూ చవకవాటిలోనూ ఉండేది మొదటివాడొక్కడే. మా మరిది పాత యాంప్లిఫయర్ల వెనక దానికి ఒక చిన్న స్విచ్ కూడా ఉంది. వేసుకోవచ్చు, కట్టేసుకోవచ్చు.

"కట్టేస్తారా ఎవరైనా?" అన్నాను.

"దెబ్బలో పంచ్ తగ్గుతుందని కొంతమంది కట్టేస్తారు వదినా. నేను కట్టను, బాక్సు పోతే నాదే కదా" అన్నాడు.

నా ప్రశ్నకి జవాబు అక్కడ దొరికింది. బాక్సు పోతే నాదే కదా!

లిమిటర్ కాపాడేది కాయిల్‌ని. లిమిటర్ కాపాడేది ట్వీటర్‌ని. దాని లెక్క ఓల్టుల్లో ఉంటుంది. ఎదురుగా ఎంతమంది నిలబడ్డారో, ఎంత దూరంలో ఉన్నారో, అందులో బాలింత ఉందో ముసలాయన ఉన్నాడో దానికి తెలియదు. తెలుసుకునే చెవి దానికి పెట్టలేదు. మన ఫ్రిజ్‌కి పెట్టిన స్టెబిలైజర్ ఫ్రిజ్‌ని చూసుకుంటుంది, ఫ్రిజ్‌లో పెట్టిన పులుసు పులిసిపోయిందో లేదో అది చూడదు. స్టెబిలైజర్ ఉంది కదా అని పాడైన పులుసు ఎవరైనా పిల్లలకి వడ్డిస్తారా? మరి లిమిటర్ ఉంది కదా, ఏం కాదు అనే మాటని మాత్రం ఎందుకు మింగేస్తున్నాం?

అసలు ఆ లిమిటర్ తన పని తాను నూటికి నూరుపాళ్ళు చేసినా చెవికి ఏమిటి లాభం అని కాగితం మీద లెక్క వేయించాను. మా మరిది దగ్గరున్న ఒక మాదిరి పై బాక్సు, ఒక్క వాట్ ఇస్తే ఒక మీటరు దూరంలో 100 డెసిబెల్స్ పలుకుతుంది. వాట్లు పదింతలైన ప్రతిసారీ 10 డెసిబెల్స్ కలుపుకోవాలి. వెయ్యి వాట్లకి 130. పాటలో నిండు పవరు ఎప్పుడూ ఉండదు, సగటున ఎనిమిదో వంతే అనుకుందాం. 9 తగ్గించండి, 121. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 తగ్గుతుంది. రెండు మీటర్ల దగ్గర 115, నాలుగు దగ్గర 109, ఎనిమిది దగ్గర 103. ఎనిమిది మీటర్లంటే పెళ్ళిమండపంలో ముందు నాలుగైదు వరసల కుర్చీలు. మనవాళ్ళు పెద్దవాళ్ళని గౌరవంగా కూర్చోబెట్టే చోటు! ఇది ఒకే ఒక్క బాక్సు లెక్క. రెండో పక్క బాక్సునీ కింద పేర్చిన బేస్ బాక్సులనీ నేను కలపనేలేదు.

అమెరికాలో పనివాళ్ళ ఆరోగ్యం చూసే నియోష్ అనే సంస్థ ఒక కొలత పెట్టింది. 85 డెసిబెల్స్‌లో రోజుకి ఎనిమిది గంటలు ఉండొచ్చు. ఆపైన 3 పెరిగిన ప్రతిసారీ సమయం సగం. 88కి నాలుగు గంటలు, 91కి రెండు, 94కి ఒకటి, 97కి అరగంట, 100కి పావుగంట. 103కి ఏడున్నర నిమిషాలు. తలంబ్రాల దగ్గర మొదలుపెట్టి అప్పగింతలదాకా మోగించే పాటలకి ఏడున్నర నిమిషాలు ఏ మూలకి?

ఇప్పుడు లిమిటర్ గట్టిగా పట్టుకుని పవరు సగానికి కోసిందనుకోండి. ఎంత తగ్గుతుంది? మూడు డెసిబెల్స్. చెవికి అది పెద్దగా తగ్గినట్టు అనిపించదు. కాయిల్‌కి మాత్రం వేడి సగం తగ్గింది, బతికిపోయింది. ఒకే చర్య, ఒకళ్ళకి ప్రాణదానం, ఇంకొకళ్ళకి కంటితుడుపు.

ఇంతకన్నా కడుపు మండే సంగతి ఇంకోటుంది. లిమిటర్ ఉందన్న ధైర్యంతో మిక్సర్ మీద ఇంకా ఇంకా పెంచుతారు. అల నెత్తి పెరగకుండా కాపలావాడు పట్టుకుంటాడు. కానీ నెత్తి కింద ఉన్న మెల్లటి భాగాలన్నీ పైకి లేస్తాయి. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉండే ఖాళీ పూడిపోతుంది. కొలిస్తే ఎత్తు అంతే ఉంటుంది, సగటు పెరిగిపోతుంది. చెవికి జరిగే నష్టం మొత్తం మీద ఎంత శబ్దం మింగిందన్న దాన్ని బట్టి. అంటే లిమిటర్‌ని ఒరుసుకుంటూ నడిపిన పాట, ఎత్తు పెరక్కుండానే చెవికి ఎక్కువ విషం పోస్తుంది. కాపలావాడి భుజం మీద తుపాకి పెట్టి కాల్చడమే ఇది. తమాషా ఏమిటంటే దీనివల్ల బాక్సుకీ పూర్తి రక్షణ లేదు. నెత్తిని మాత్రమే చూసే లిమిటర్ కింద కూడా సగటు వేడి పెరిగి కాయిళ్ళు మాడుతూనే ఉంటాయి. నాలుగు వందల వాట్ల బాక్సుకి వెయ్యి వాట్ల యాంప్లిఫయర్ తగిలిస్తే, లిమిటర్ నిద్ర లేచేలోపే బాక్సు బూడిద కావచ్చు. ఎందుకంటే ఆ లిమిటర్ లేచేది యాంప్లిఫయర్ తాహతు దాటినప్పుడు, బాక్సు తాహతు దాటినప్పుడు కాదు.

మరి మన చెవికి దేవుడు కాపలా పెట్టలేదా అంటే, పెట్టాడు. అదీ లోపలే. మధ్యచెవిలో మూడు బుల్లి ఎముకలుంటాయి. చివరి దాని పేరు అంకవన్నె. మన తెలుగులో అంకవన్నె అంటే గుర్రపు రౌతు కాలు పెట్టుకునే రికాబు, ఎముక ఆ ఆకారంలో ఉంటుంది. దాన్ని పట్టుకుని ఒక కండరం ఉంది, ఒంట్లోని ఎముకల్ని కదిపే కండరాలన్నిట్లోకీ చిన్నది. పెద్ద శబ్దం రాగానే అది బిగిసి ఎముకని లాగి పట్టుకుంటుంది, లోపలికి పోయే శబ్దాన్ని కాస్త తగ్గిస్తుంది. అచ్చం లిమిటరే. కానీ ఇది యంత్రంలోని దానికన్నా చాలా నెమ్మది. బిగిసేలోపు మొదటి దెబ్బ లోపలికి పోనే పోతుంది. పైగా అది కండరం, అలిసిపోతుంది. ఎక్కువగా బేస్ శబ్దాలని ఆపుతుంది గానీ కీచు శబ్దాలని పెద్దగా ఆపలేదు. అది దాటి పోయిన శబ్దం నత్తగుల్లలాంటి కర్ణావర్తంలో, ఒక్కో చెవికి సుమారు పదిహేను వేల కేశకణాల మీద పడుతుంది. అవి చచ్చిపోతే మనుషుల్లో మళ్ళీ మొలవవు. కాయిల్ కాలితే మా మరిది కొత్తది కట్టించుకొస్తాడు. నా కొడుకు చెవిలో కట్టించడానికి ఏ బజారుకి వెళ్ళను?

ఇక వాదాలకొద్దాం. ఇంట్లో ఈ మాటెత్తితే ఎన్ని వాదాలొచ్చాయో.

మొదటిది: "ఎప్పుడో ఒక్కరోజు వేడుకకి ఇంత రాద్ధాంతమా?" పెళ్ళివారికి ఒక్కరోజే. ఫంక్షన్ హాలు వెనకవీధి వాళ్ళకి ముహూర్తం ఉన్న ప్రతిరోజూ. బాక్సులు మోసే కుర్రాళ్ళకి నెలకి పదిహేను రోజులు. ఎవరి ఒక్కరోజు?

రెండోది: "మన సంప్రదాయంలో శబ్దం లేదా? డోలు, సన్నాయి, డప్పు?" ఉంది. దగ్గర నిలబడితే డప్పూ చెవులకి దెబ్బే, నేను కాదనను. కానీ డప్పు కొట్టేవాడి చెయ్యి నొప్పెడుతుంది. సన్నాయి ఊదేవాడికి ఊపిరి అయిపోతుంది. మధ్యలో ఆగి మంచినీళ్ళు తాగుతాడు, తాంబూలం వేసుకుంటాడు. మనిషి వాయించే ప్రతి వాద్యానికీ అలుపనే లిమిటర్ ఉంది. అది వాయించేవాణ్ణీ వినేవాణ్ణీ ఇద్దర్నీ కాపాడుతుంది. యంత్రానికి అలుపు లేదు. అలుపు లేనిదానికి ఆజ్ఞ ఉండాలి.

మూడోది: "చట్టం చూసుకుంటుందిలే." చట్టం ఉంది, మంచిదే ఉంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్ళున్న ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరుదాకా ఆరుబయట లౌడ్ స్పీకర్ వాడకూడదు. పండగలకి ప్రభుత్వం పన్నెండుదాకా సడలించవచ్చు గానీ అది ఏడాదికి పదిహేను రోజులు మించకూడదు. 2005లో సుప్రీంకోర్టూ గట్టిగా చెప్పింది. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలని నిషేధించారు. కానీ గమనించండి, ఈ నియమాలన్నీ ప్రధానంగా చుట్టుపక్కలవాళ్ళ నిద్ర కోసం. మండపం లోపల ముందు వరసలో కూర్చున్న చెవి కోసం మనకి గట్టి లెక్క లేదు. ఫ్రాన్సులో ఉంది. పావుగంట సగటు 102 దాటకూడదు, ఆరేళ్ళలోపు పిల్లల కార్యక్రమమైతే 94. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అన్ని దేశాలకీ చెప్పింది, వేదికల్లో పావుగంట సగటు 100 దాటనివ్వకండి అని. అది కూడా జనం చెవులకి ప్లగ్గులు, కాసేపు కూర్చునే నిశ్శబ్దపు చోటు అందుబాటులో ఉంచుతూ.

చూశారా, లోకంలో ఇంకో రకం లిమిటర్ ఉంది. దానికి మైకు ఉంటుంది. అది హాల్లో గోడమీద కూర్చుని, ఓల్టులు కాదు, శబ్దాన్నే వింటుంది. హద్దు దాటితే ముందు ఎర్ర దీపం వేస్తుంది, వినకపోతే స్టేజీకి కరెంటే తీసేస్తుంది. ఇంగ్లండులో చాలా పెళ్ళి హాళ్ళలో ఇవి బిగించి ఉంటాయి. మన దేశంలోనే పశ్చిమ బెంగాల్లో, ఆరుబయట మైకులకి సౌండ్ లిమిటర్ పెట్టాలని కాలుష్య నియంత్రణ మండలి నియమం పెట్టింది. చెయ్యలేని పనేం కాదు. కాబట్టి ఇకమీదట ఎవరైనా "లిమిటర్ ఉందండీ" అంటే, ఏ లిమిటర్ బాబూ, బాక్సు కోసమా, మా కోసమా అని అడగండి.

నాలుగో వాదం అన్నిటికన్నా కష్టమైనది. అది మా తోడికోడలిది. "అక్కా, బావగారికి నెల తిరిగేసరికి జీతం పడుతుంది. మా ఇంట్లో అన్నం ఆ బాక్సుల్లోంచి వస్తుంది. సౌండ్ తక్కువగా ఉందని ఒక్క పెళ్ళిలో పేరు పడితే పక్కవీధి వాడికి పోతుంది బేరం. నువ్వు రాసుకునేవాటికి మేం పస్తులుండాలా?" అంది. ఆ మాట నిజం. నేను రెండ్రోజులు ఏం రాయలేకపోయాను.

తర్వాత నాకు తట్టింది. సౌండ్ తక్కువైందని పేరు పెట్టేది ఎవరు? మనమే. నాలుగు ఊళ్ళకి వినబడకపోతే పరువేం కాను అనే మామగారు, "డీజే లేకపోతే పెళ్ళిలా లేదు" అనే ఆడపడుచు, "పెంచవయ్యా పెంచు" అంటూ ఐదొందల నోటు ఊపే పెళ్ళికొడుకు స్నేహితుడు. మా మరిది చెయ్యి మిక్సర్ మీదుంది గానీ, ఆ చేతిమీద ఇన్ని చేతులున్నాయి. అతన్నొక్కణ్ణీ తిట్టి ఇంటికొచ్చి ముసుగుతన్ని పడుకుంటే న్యాయం కాదు. ఆ చేతుల్లో కొన్నిటికి గాజులున్నాయి.

మనం పెళ్ళికి చేసే ఒప్పందాలు గుర్తు తెచ్చుకోండి. గుత్తొంకాయలో కొబ్బరి వెయ్యాలా వద్దా అని వంటవాళ్ళతో గంట మాట్లాడతాం. కనకాంబరాలు మూర ఎంతో నాలుగు కొట్లలో అడుగుతాం. ఫోటోల ఆల్బమ్ ఎన్ని పేజీలో కాగితం మీద రాయించుకుంటాం. సౌండ్ సిస్టమ్ వాడితో మాట్లాడేది ఒక్కటే, "ఎన్ని బాక్సులు?" ఎక్కువ బాక్సులంటే ఎక్కువ గొప్ప. అంతే కదా మన లెక్క?

మా అన్నయ్య కూతురి పెళ్ళి మాఘమాసంలో జరిగింది. సౌండు మరిదిదే. ఈసారి వదినా, నేనూ కూర్చుని అతనితో మాట్లాడాం. అద్దె ఒక్క రూపాయి తగ్గించలేదు, బాక్సులూ తగ్గించలేదు. స్టేజి పక్కన రెండు కొండల్లా పేర్చే బదులు, హాలు పొడుగునా నాలుగు చోట్ల చిన్నవి సర్ది, ఒక్కోదాన్నీ తక్కువలో పెట్టించాం. అందరికీ వినబడింది, ఎవరి చెవిలోనూ పడి గుద్దలేదు. బాక్సులు మనిషి తలకన్నా ఎత్తులో ఉండేలా స్టాండ్లు వేయించాం. ఏ బాక్సు ముందూ నాలుగు మీటర్లలోపు కుర్చీ వెయ్యలేదు. మా వాడి ఫోనులో శబ్దం కొలిచే యాప్ పెట్టి, ముందు వరసలో 85 దగ్గర పాట ఆపి, ఆ గీత మీద మిక్సర్‌కి తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించాం. ఫోను కొలత తూచా తప్పకుండా ఉండదు, తెలుసు. అయినా గుడ్డి కన్నా మెల్ల మేలు. ప్లాస్టర్ దాటి పెంచాలంటే అన్నయ్యని అడగాలని షరతు.

అడిగారు. ఇద్దరు కాదు, ఎనిమిది మంది అడిగారు. "ఏంటి, చావింట్లోలా ఉంది" అన్నాడు ఒక పెద్దాయన. మా అన్నయ్యకి మొహం మాడింది. ఒక దశలో ఆయన మిక్సర్ వైపు నడిచాడు కూడా. అప్పుడు మా వదిన అడ్డం వెళ్ళి, ఏం వాదించలేదు, ఐదు నెలల మనవణ్ణి ఆయన చేతుల్లో పెట్టింది. వాడు ఆ హాల్లో, ఆ పాటల మధ్య, నిద్రపోతున్నాడు. అన్నయ్య వెనక్కి వచ్చేశాడు.

బాక్సుల కోసం చూసుకున్నా మా మరిదికి నష్టం రాలేదు. ఆ నెల అతను మార్పించిన ట్వీటర్లు సున్నా. తక్కువలో నడిస్తే కాయిళ్ళు చల్లగా ఉంటాయి, ఆ మాట అతనే చెప్పాడు. తోడికోడలు నాతో పూర్తిగా మాట్లాడుతోందని చెప్పలేను. పండక్కి అరిసెలు మాత్రం పంపింది.

మీరు ఎక్కువేం చెయ్యక్కర్లేదు. అడ్వాన్సు చేతిలో పెట్టేముందు నాలుగు ముక్కలు కాగితం మీద రాయించండి. ముందు వరసలో ఎంత శబ్దం ఉండాలో. బాక్సుకీ మొదటి కుర్చీకీ ఎంత దూరమో. పెంచమని అడిగే అధికారం ఎవరిదో, ఒక్కరిదే. పది గంటలకి ఆపేస్తారని. ఇంకొకటి, ఆ బాక్సులు మోసే కుర్రాళ్ళకి చెవి ప్లగ్గులు. జత ఇరవై ముప్ఫై రూపాయలకి మందుల షాపులో దొరుకుతాయి. మనం వాళ్ళకి భోజనం పెడతాం, కాఫీ ఇస్తాం, ఇవీ ఇవ్వచ్చు. వాళ్ళ అమ్మలు కూడా రాత్రి పెరుగన్నం కలుపుకుని ఎదురుచూస్తుంటారు.

మా వాడు ఇప్పటికీ బాబాయితో వెళ్తున్నాడు. వద్దనలేదు, ఆ పని వాడికిష్టం. జేబులో ప్లగ్గులున్నాయో లేదో గుమ్మం దగ్గర చూసి పంపిస్తాను. కూత చాలావరకు తగ్గిందంటాడు. ఇంట్లో అంతా పడుకున్నాక, ఫ్యాను కూడా ఆగిన కరెంటు కోతలో మాత్రం ఇంకా వినిపిస్తుందట, సన్నగా, ఎడమపక్క. ఎవరో ఎక్కడో కుక్కర్ కట్టెయ్యడం మర్చిపోయినట్టు.